కొల్లేటి గట్టు మీద వాన సైకిలు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు కొల్లేటి మీదికి రాగానే చెట్లు పలచబడతాయి. అటూ ఇటూ చేపల చెరువులు, గుర్రపుడెక్క పరుచుకున్న కాలువలు, నడుమ ఎత్తుగా రోడ్డు. ఆషాఢంలో పడమటి గాలి ఈ రోడ్డును అడ్డంగా కొడుతుంది. ఆపడానికి ఇల్లు లేదు, తోపు లేదు. కైకలూరు వైపు సైకిలు మీద వెళ్తున్నవాడికి పడమర కుడిచేతి పక్క. వెనకనుంచి వచ్చి దాటే లారీ కూడా కుడి పక్కే. గాలికి ఆనుకుని కుడివైపు కాస్త వాలి తొక్కుతున్నవాడికి లారీ అడ్డం రాగానే గాలి ఒక్కసారిగా మాయమవుతుంది, సైకిలు లారీ వైపు లాగుతుంది. లారీ దాటిపోయిన మరుక్షణం గాలి మళ్లీ వచ్చి ఎడమ పక్క పల్లంలోకి తోస్తుంది. ఈ రెండు కుదుపులూ రెండు మూడు సెకన్లలో అయిపోతాయి. అలవాటున్నవాడు లారీ చప్పుడు వినగానే వాలు తగ్గించుకుని, మోచేతులు వదులు చేసి, హ్యాండిల్ తేలిగ్గా పట్టుకుని, రోడ్డు అంచుకూ తనకూ మధ్య మూరెడు చోటు ఉంచుకుంటాడు. కొత్తవాడు భయంతో హ్యాండిల్ బిగించి పట్టుకుంటాడు. బిగించిన చేతుల నుంచి శరీరం ఊగినంతా చక్రానికి చేరుతుంది.

ఇది ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. క్యారేజీకి రెండు పక్కలా పాలక్యాన్లు కట్టుకుని వేకువనే ఏలూరు చేరే పాలవాళ్లు, వెనక చేపల బుట్టతో లంక గ్రామాల్లో తిరిగేవాళ్లు, పుస్తకాల సంచి ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని హైస్కూలుకు పోయే పిల్లలు తరాలుగా చేస్తున్న పని. ఇప్పుడు ఆదివారం తెల్లవారకముందే హెల్మెట్ పెట్టుకుని, గేర్ల సైకిలు మీద వంద కిలోమీటర్ల చుట్టు వేసే ఔత్సాహికులూ ఈ రోడ్ల మీదికి వస్తున్నారు. వాళ్లలో చాలామంది వాన మొదలైతే ఇంటికి తిరుగుతారు, లేదా పంతానికి పోయి ఎలాపడితే అలా తొక్కుతారు. రెండూ నాకు నచ్చవు. వానలో సైకిలు తొక్కడం ఒక విద్య. ఆ విద్యకు మన డెల్టా కంటే మంచి బడి తెలుగుదేశంలో లేదని నా నమ్మకం.

ముందు గాలి సంగతి. సైకిలు మీద గంటకు 20 కిలోమీటర్లు దాటి వెళ్లేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. మీదికొచ్చే గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. అందుకే కొండలు లేని కొల్లేరులో కొండ ఎక్కినంత కష్టం పడవచ్చు. ఇక్కడ పెద్ద చుట్టు వేసేవాళ్లు ఏలూరు, కైకలూరు, ఆకివీడు, గణపవరం, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా మళ్లీ ఏలూరు చేరవచ్చు. వంద కిలోమీటర్లు దాటుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలన్నది మాత్రం గాలినిబట్టి తేల్చుకోవాలి. నైరుతి రుతుపవనాల రోజుల్లో గాలి పడమటిది. అప్పుడు తాడేపల్లిగూడెంలో బయల్దేరడం మేలు. కాళ్లలో సత్తువ ఉండగానే దాదాపు 50 కిలోమీటర్లు ఎదురుగాలిలో హైవే మీద ఏలూరు చేరితే, ఆ తర్వాత కొల్లేటి మీద పక్కగాలి, కైకలూరు నుంచి ఆకివీడు దాకా వాలుగాలి, గూడెం చేరేవరకూ అది ఎంతోకొంత వీపును తోస్తూనే ఉంటుంది. ఏలూరులో మొదలుపెట్టినవాడికి ఇదే చుట్టు చివరి 50 కిలోమీటర్లు నరకం చూపిస్తుంది. దసరా దాటి ఈశాన్యం గాలి తిరిగాక లెక్క మారుతుంది. అప్పుడు కైకలూరులో బయల్దేరి ఆకివీడు, గూడెం వైపు ముందే ఎదురీదితే ఏలూరు దాకా గాలి తోడొస్తుంది. పడవకు తెరచాప కట్టినవాళ్ల ఆలోచన ఇది. సైకిలు వాళ్లు దాన్ని అరువు తెచ్చుకోవాలి.

నలుగురు కలిసి వెళ్తే గాలి భారం పంచుకోవచ్చు. ముందువాడి వెనక చక్రానికి దగ్గరగా వెళ్లేవాడికి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. పక్కగాలి అయితే నేరుగా వెనక ఉండి లాభం లేదు, గాలి వచ్చే దిక్కుకు అవతలి పక్కన కాస్త వెనగ్గా ఉండాలి. బెల్జియం, హాలండు రేసుల్లో వందమంది ఇలా ఏటవాలు వరసలు కట్టి రోడ్డంతా ఆక్రమిస్తారు. అక్కడ పోలీసులు రోడ్డు మూసి ఉంచుతారు. కొల్లేటి రోడ్డు మీద చేపల లారీలు, ఆటోలు తిరుగుతుండగా అలాంటి వరస కట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే. ఇక్కడ ఒకరి వెనక ఒకరు, అదీ వానలో మామూలుకు రెట్టింపు ఎడంతో వెళ్లాలి. తడి బ్రేకు ఆలస్యంగా పడుతుంది, పైగా ముందువాడి చక్రం చిమ్మే బురద నీళ్లు కళ్లలో పడితే దారే కనపడదు. వెనక చక్రానికి పొడవాటి మడ్‌గార్డు కట్టుకోవడం మీ సుఖానికి కాదు, వెనక వచ్చేవాడి మీద గౌరవంతో.

బ్రేకు గురించి తప్పనిసరిగా చెప్పాలి. పాత నల్ల సైకిళ్ల ఉక్కు రిమ్ములు తడిస్తే బ్రేకు రబ్బరు దాదాపు పనిచేయదు. అల్యూమినియం రిమ్ము నయం, డిస్కు బ్రేకు ఇంకా నయం. రిమ్ము ఏదైనా ముందు దాని మీది నీటి పొర తుడుచుకుపోవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. అందుకే పాతకాపులు వానలో అవసరం లేకపోయినా మధ్యమధ్య బ్రేకును మెల్లగా తాకిస్తూ రిమ్మును పొడిగా ఉంచుతారు. మలుపులో బ్రేకు వేయరు. మలుపుకు ముందే వేగం తగ్గించి, లోపలి పెడలు పైకి, బయటి పెడలు కిందికి పెట్టి, బయటి కాలి మీద బరువు మోపి తిరుగుతారు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే తడి రోడ్డు మీద ముందు చక్రం జారుతుంది. జారిన ముందు చక్రాన్ని నిలబెట్టుకోగలిగినవాళ్లు చాలా అరుదు.

టైరు మీద గాట్లు ఎక్కువుంటే తారురోడ్డు మీద జారదని షాపుల్లో చెబుతారు. అది కార్లకు వర్తించే మాట. సన్నగా, గుండ్రంగా, గట్టి గాలితో ఉండే సైకిలు టైరు నీటిని తనంతట తనే పక్కలకు తోసేస్తుంది. అది నీటిపొర మీద తేలాలంటే గంటకు వంద కిలోమీటర్లు దాటి వెళ్లాలి. తారు మీద ఉపయోగపడేది రబ్బరు మెత్తదనం, కొంచెం తగ్గించిన గాలి. 28 మిల్లీమీటర్ల టైరులో రోజూ 85 పౌన్లు నింపేవాళ్లు వానరోజు 75 పెట్టుకుంటే రోడ్డును టైరు ఇంకాస్త పట్టుకుంటుంది. గాట్ల అవసరం బురదలోనే. ఇంకో సంగతి, తడిసిన టైరులోకి గాజుపెంకూ, సర్కారు తుమ్మ ముల్లూ సులువుగా దిగుతాయి. వానలో పంచరు ప్యాచీ అతకదు. కాబట్టి వల్కనైజింగ్ డబ్బా మీద ఆశ పెట్టుకోకుండా రెండు ట్యూబులు జేబులో వేసుకుని బయల్దేరాలి.

ఇక్కడి రోడ్ల మీద కనిపెట్టుకుని ఉండవలసిన ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. ఎండాకాలం పోయాక తొలి చినుకులు పడ్డ పది పదిహేను నిమిషాలు చాలా చెడ్డవి. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము కలిసి జిడ్డుగా తేలతాయి. గట్టి వాన కురిస్తే అదే కడుక్కుపోతుంది. కాబట్టి జల్లు కంటే కుండపోత నయమనిపించే రోజులుంటాయి. కైకలూరు, ఆకివీడు పరిసరాల్లో వాన లేని రోజున కూడా రోడ్డు తడిగానే ఉంటుంది, ఐసు కరిగిన చేపల లారీలు నీళ్లు కారుస్తూ పోతాయి. ఆ నీళ్లలో చేప జిగురుంటుంది. వంతెనల మీది ఇనుప పట్టీలు, తెల్లరంగు గీతలు, భీమవరం–గుడివాడ లైను గేట్ల దగ్గర రైలు పట్టాలు తడిస్తే సబ్బు రాసినట్టే. పట్టాలను నిటారుగా దాటాలి, దాటేటప్పుడు తొక్కకూడదు, బ్రేకూ వేయకూడదు.

ఇక నేల. హైవేకు ఎగువన, ద్వారకా తిరుమల వైపు మెట్ట. ఎర్రమట్టి, గ్రావెలు. వాన ఆగిన గంటకే నీరు ఇంకి తొక్కడానికి వీలవుతుంది. దిగువన కొల్లేటి వైపు పోయేకొద్దీ నల్ల ఒండ్రు. తడిసిన రేగడి చక్రానికి అతుక్కుని, మడ్‌గార్డులో కూరుకుని, ఫోర్కుకూ టైరుకూ మధ్య బిగుసుకుపోతుంది. పది గజాల్లో చక్రం ఆగిపోతుంది. అలాంటి పుంతల్లో తొక్కబోవడం దండగ. లంకల వాళ్లు చేసేదే సరైన పని. దిగి, చెప్పులు విప్పి, సైకిలు భుజాన వేసుకుని నడుస్తారు.

ఆ భుజాన వేసుకోవడాన్నే ఒక పోటీగా మార్చారు ఫ్రెంచివాళ్లు. సైక్లోక్రాస్ అనే ఆట అక్కడ పుట్టింది. 1902లోనే వాళ్లు జాతీయ పోటీ పెట్టారు. తర్వాత బెల్జియం దాన్ని సొంతం చేసుకుంది. చలికాలంలో, ముసురులో, బురద మైదానంలో తాడు కట్టిన చుట్టు మీద గంటసేపు పందెం. తొక్కగలిగినంత దూరం తొక్కాలి, తొక్కలేని చోట దిగి సైకిలు మోసుకుని పరిగెత్తాలి. పోటీకి టైరు 33 మిల్లీమీటర్లు మించకూడదని నియమం. అందువల్ల యంత్రం గొప్పతనం తగ్గి మనిషి నేర్పు ఎక్కువ లెక్కలోకి వస్తుంది. పిల్లలూ, ఆడవాళ్లూ, నడివయసు వాళ్లూ ఒకే మైదానంలో తమ తమ పందేలు ఆడతారు, చూసేవాళ్లు తాడు పక్కనే నిలబడి కేకలు వేస్తారు. వాతావరణం బాగుంటే పోటీ పేలవంగా ఉందనుకునే ఆట అది.

మనకూ దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. దాన్ని మనం ఆటగా లెక్కపెట్టం. అదే స్లో సైకిల్ పోటీ. ఆగస్టు 15న జెండా వందనం తర్వాత తడిసి ముద్దయిన స్కూలు మైదానంలో సున్నం గీతల మధ్య, కాలు కింద పెట్టకుండా, అందరికంటే వెనక చేరినవాడిదే గెలుపు. గెలిచేవాళ్లను జాగ్రత్తగా చూడండి. వెనక బ్రేకును సగం పట్టి ఉంచి, దానికి ఎదురుగా పెడలు మీద సన్నని ఒత్తిడి వదలకుండా ఉంచుతారు. పెడలు పూర్తి చుట్టు తిప్పరు, పావు చుట్టు ముందుకు తొక్కి వెనక్కు లాక్కుంటారు. చూపు చక్రం మీద ఉండదు, పది అడుగుల ముందు ఉంటుంది. నడుముతో సరిచేసుకుంటారు తప్ప హ్యాండిల్ ఊపరు. బురదలో జారే సైకిలును నిలబెట్టే విద్య సరిగ్గా ఇదే. ఐరోపా శిక్షకులు కుర్రాళ్లకు డబ్బు తీసుకుని నేర్పే పాఠాన్ని మన డ్రిల్లు మాస్టర్లు ఏటా ఒక స్టీలు గ్లాసు బహుమతి పెట్టి నేర్పుతున్నారు. ఊళ్లలో ఒకప్పుడు బాగా సాగిన నాన్‌స్టాప్ సైకిలు ప్రదర్శనలూ ఆ కోవలోవే. గుడి దగ్గరి ఖాళీ స్థలంలో గుండ్రంగా తిరుగుతూ, దిగకుండానే తిని, స్నానం చేసి, వాన వచ్చినా రోజుల తరబడి తొక్కేవాళ్లు. వాళ్లకు చిల్లర వేసి వదిలేశాం గానీ వాళ్ల ఓర్పులోని పద్ధతిని ఎవరూ రాసిపెట్టలేదు. అది నాకు బాధ.

దూరాలు తొక్కే ఔత్సాహికులకు ప్రపంచమంతటా ఒక పెద్ద సంప్రదాయం ఉంది. దాన్ని బ్రెవె అంటారు. హైదరాబాదులోనూ ఇవి జరుగుతాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లు 40 గంటల్లో పూర్తిచేయాలి. మొదటి బహుమతి లేదు, వరస సంఖ్య లేదు. దారిలో పంచరు మీదే, తిండి మీదే, వానా మీదే. దీనికి శిఖరం లాంటిది 1891లో రేసుగా మొదలై తర్వాత ఔత్సాహికుల చేతికి వచ్చిన పారిస్–బ్రెస్ట్–పారిస్. 1200 కిలోమీటర్లకు 90 గంటలు. 2007లో ఆ దారంతా వాన కొట్టింది, తడిసి వణుకుతూ వేలమంది తొక్కారు, ఎందరో మధ్యలో మానేశారు. వృత్తి ఆటగాళ్ల చరిత్రలోనూ ఇలాంటి రోజులున్నాయి. 1980 లీజ్–బస్తోన్–లీజ్ పందెంలో మంచు కురుస్తుంటే 174 మందిలో 21 మందే చివరికి చేరారు. గెలిచిన బెర్నార్ ఇనోకు రెండు వేళ్లలో స్పర్శ మళ్లీ సరిగా రాలేదని చెబుతారు. ఇలాంటి కథలు రక్తాన్ని ఉరకలెత్తిస్తాయి. అయితే ఔత్సాహికుడు వీటిలోంచి నేర్చుకోవలసింది వేరు. 1988 ఇటలీ రేసులో గావియా కనుమ మీద మంచు తుపానులో, మొత్తం మీద ముందున్నవాడు తొడిగే గులాబీ జెర్సీ దక్కించుకున్న అమెరికన్ ఆండీ హాంప్‌స్టెన్ ముందుగానే పరిస్థితి తెలుసుకుని, ఒంటికి జిడ్డు లేపనం పట్టించి, మందపాటి చేతి తొడుగులు, ఉన్ని టోపీ సిద్ధం చేసుకున్నాడు. మిగతావాళ్లలో చాలామంది చలికి కొయ్యబారారు.

ఈ తయారీ మనకూ కావాలి. ఉష్ణదేశంలో చలి ఏమిటనుకోవద్దు. నిలిచి ఉన్న గాలి కంటే నీరు ఒంటి వేడిని పాతికరెట్లు త్వరగా లాగేస్తుంది. ముసురులో మూడు గంటలు తొక్కి టీ బడ్డీ దగ్గర ఆగిన పది నిమిషాలకు పళ్లు కొట్టుకోవడం మొదలవుతుంది. కాబట్టి ఆగడం తక్కువ, ఆగితే పొట్ట మీదా ఛాతీ మీదా ఒక పొడి అడ్డు. ఖరీదైన జాకెట్ లేకపోతే చొక్కా లోపల దినపత్రిక మడత, పైన ప్లాస్టిక్ కవరు చాలు. ఐరోపా రేసుల వాళ్లూ కొండ దిగేటప్పుడు కాగితమే దోపుకునేవారు. తొడల ఒరుపుకు కొబ్బరినూనె గానీ వాజలైన్ గానీ ముందే రాసుకోవాలి. దాహం తెలియకపోయినా నీళ్లు తాగాలి.

తొక్కకూడని రోజుల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఉరుములు వినపడితే దిగాలి. విశాలమైన చెరువుల మధ్య మీరే ఎత్తైన వస్తువు, తాటిచెట్టు కింద నిలబడటం అంతకంటే చేటు. పక్కా ఇంట్లోకి పోయి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. పిడుగుల హెచ్చరికకు కేంద్ర ప్రభుత్వ సంస్థ చేసిన దామిని యాప్ ఫోనులో ఉంచుకోండి. వాయుగుండం తీరం వైపు వస్తోందంటే సైకిలు ఇంట్లోనే ఉండాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ రోజునే కాదు, తర్వాతి రోజుల్లోనూ తెగిన కరెంటు తీగలు, విరిగిన కొమ్మలు దారుల్లో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేటిలోకి దిగినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరు వచ్చి రాకపోకలు ఆగిపోయాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లన్నీ సముద్రం చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. కాబట్టి ఏలూరులో వాన వెలిసి ఎండ కాస్తున్నా కొల్లేటి నీళ్లు పెరుగుతూనే ఉండవచ్చు. పారే నీరు జానెడు లోతుంటే చాలు, మనిషిని పడగొడుతుంది. నిలిచిన వరద నీళ్లలో కాలి మీద గాయంతో దిగితే ఎలుక జ్వరం భయం ఉంది. అలాంటి చోట వెనక్కు తిరిగినవాడిని తోటివాళ్లు మెచ్చుకోవాలి. మెచ్చుకోని జట్టులో ఉండకండి.

సార్వా కోతల రోజుల్లో, అంటే నవంబరు, డిసెంబరుల్లో, రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. రాత్రిపూట నల్ల పట్టా, దాని అంచున బరువుకు పెట్టిన రాళ్లు కనపడవు. లైటు లేకుండా ఆ నెలల్లో చీకట్లో తొక్కకూడదు. ధాన్యం మీదుగా తొక్కుకుపోవడం అంతకంటే తప్పు. మబ్బు పట్టి చినుకులు మొదలైనప్పుడు రైతు కుటుంబం పట్టాలతో పరుగులు తీస్తుంటే, టైము కోసం చూసుకోకుండా దిగి ఒక కొస పట్టుకోండి. ఈ రోడ్డు మీద ఆడుకునే హక్కు మనకు ఆ పనితోనే వస్తుంది. కొల్లేరు కూడా ఆటస్థలం మాత్రమే కాదు. 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడినేల. ఆటపాక దగ్గర గూడబాతులు పిల్లల్ని సాకే నెలల్లో జట్లుగా ఈలలు వేసుకుంటూ పోవద్దు.

ఇల్లు చేరాక పని ఇంకా ఉంది. సైకిలును అదే రోజు కడగాలి, మర్నాటికి రేగడి సిమెంటులా గట్టిపడుతుంది. గొలుసు తుడిచి ఆరబెట్టి నూనె వేయాలి. సీటు గొట్టం తీసి సైకిలును తలకిందులుగా నిలబెడితే ఫ్రేములో చేరిన నీళ్లు కారిపోతాయి. చాలామంది మరిచేది ఇదే, తుప్పు లోపలినుంచి తింటుంది. వానాకాలం పోయాక ఒకసారి హబ్బులు, పెడళ్ల ఇరుసు ఉండే బీబీ విప్పించి బాల్సు కడిగి కొత్త గ్రీజు పెట్టించండి. మీ వీధి చివర సైకిలు షాపాయనకు ఈ పని కంపెనీ షోరూముల కంటే బాగా వచ్చు.

పెద్ద రేసుల కోసం హైవేలు మూయమని నేను అడగను. అది అయ్యే పనీ కాదు, లారీల మధ్య పందెం పెట్టడం మంచిదీ కాదు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేసి పైన సోలార్ పలకలతో కప్పు వేశారు. మనకు కప్పు అక్కర్లేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం, కైకలూరుల్లోని హైస్కూళ్లకు, కాలేజీలకు మైదానాలున్నాయి. 1945 నుంచి ఉన్న ఏలూరు సి.ఆర్.రెడ్డి కాలేజీ లాంటి సంస్థలు తలుచుకుంటే ఒక ఆదివారం చాలు. ‘బడికొస్తా’ పథకం కింద ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిన రాష్ట్రం ఇది. ఆ సైకిళ్లు ఎన్నో ఇళ్లలో ఇంకా ఉన్నాయి. డ్రిల్లు మాస్టర్లకు నా మనవి ఇది. వచ్చే శ్రావణంలో మైదానం చుట్టూ కొబ్బరితాడు కట్టించండి. ఒక మూల బురద ఉండనివ్వండి, ఒక చోట రెండు అడ్డుకర్రలు పెట్టి దిగి మోసుకుపోయేలా చేయండి. అరగంట పందెం. గేర్లున్నవాళ్లకు ఒకటి, మామూలు సైకిళ్లకు ఒకటి, ఆడపిల్లలకు ఒకటి, పాలు పోసేవాళ్లకూ చేపలమ్మేవాళ్లకూ ఒకటి. హెల్మెట్ తప్పనిసరి చేయండి, ఉరుము వినపడితే ఆపేయండి. ఆ చివరి పందెంలో గెలిచినాయన్ని పిలిచి, మిగతా అందరికీ తడి రోడ్డు మీద బ్రేకు ఎలా వేయాలో చూపించమని అడగండి.